జలపాతం గట్టు కొనుక్కున్నారు, మరి నీళ్లు?

సియాటిల్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ల ఇంటికి ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చారంటే, మొదటి వీకెండ్ ఎక్కడికి తీసుకెళ్తారో పెద్దగా ఆలోచించక్కర్లేదు. స్నోక్వాల్మీ ఫాల్స్. బెల్లెవ్యూ నుంచి అరగంట డ్రైవ్, కారు దిగాక పెద్ద నడక లేదు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కూడా రెయిలింగ్ దాకా వెళ్లి చూసేయొచ్చు, జెట్‌లాగ్ వదలకపోయినా ఇబ్బంది లేదు. మేమూ అదే చేశాం. దారిలో నాన్న అడిగిన మొదటి ప్రశ్న, "నయాగరా అంత ఉంటుందిరా?" ఎత్తులో అయితే నయాగరా కన్నా ఇదే దాదాపు 100 అడుగులు ఎక్కువ, 268 అడుగులు, వెడల్పులో మాత్రం పోలికే లేదని చెప్పాను. తీరా అక్కడికి చేరాక రెండో ప్రశ్న వేశారు. "ఎన్ని మెగావాట్లు?"

ఆయన కరెంటు డిపార్ట్‌మెంటులో రిటైరయ్యారు, ఉద్యోగం మొదట్లో కొన్నాళ్లు ఆంధ్రా ఒడిశా సరిహద్దులోని మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రంలో పనిచేశారు. అందుకే అందరూ నీళ్ల వైపు చూస్తుంటే ఆయన నీటిని టర్బైన్లకు దింపే పెన్‌స్టాక్ పైపులు ఎటున్నాయా అని వెతుకుతారు. అమ్మ సంగతి వేరు. కింది నుంచి లేచిన తుంపర మొహానికి తగలగానే చెప్పులు పక్కన విడిచి దణ్ణం పెట్టేసింది. "ఈ తల్లి పేరేంట్రా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. వచ్చిన చుట్టాలందరినీ ఇక్కడికి తిప్పాను, పార్కింగ్ ఎక్కడ ఫ్రీయో, ఫొటోకి ఏ మూల బాగుంటుందో చెప్పగలను, అంతే. సిగ్గేసి ఆ రాత్రి కూర్చుని చదివితే తేలిందేమిటంటే, ఆ రోజు వాళ్లిద్దరూ అడిగిన రెండు ప్రశ్నలే ఈ జలపాతం మీద నూట పాతికేళ్లుగా నడుస్తున్న గొడవ మొత్తం.

ముందు అమ్మ ప్రశ్న. ఇక్కడి ఆదివాసీ తెగ పేరు కూడా స్నోక్వాల్మీయే. తమను తాము చంద్రుడి మనుషులమని చెప్పుకుంటారు. వాళ్ల కథల్లో లోకాన్ని ఇప్పుడున్న రూపానికి మార్చినవాడు చంద్రుడు, చేపలు పట్టడానికి నదికి అడ్డంగా వేసిన కట్టను జలపాతంగా మార్చింది కూడా ఆయనే. కింద పడిన నీళ్లు తుంపరై మళ్లీ పైకి లేస్తాయి కదా, ఆ తుంపర తమ ప్రార్థనల్ని పైకి మోసుకెళ్తుందని నమ్ముతారు. పూర్వీకుల్ని పూడ్చిన చోట్లు కూడా ఈ పరిసరాల్లోనే ఉన్నాయి. నదికి పసుపు కుంకుమ ఇచ్చే మనవాళ్లకు ఇందులో విడమరిచి చెప్పాల్సింది ఏమీ లేదు. ఒక్క తేడా ఏంటంటే, మన దగ్గర గోపురమో ధ్వజస్తంభమో కనిపిస్తుంది, ఎంత తెలియనివాడైనా గొంతు తగ్గిస్తాడు. ఇక్కడ కట్టడమేమీ లేదు, నీళ్లూ తుంపరే గుడి. దాంతో వచ్చినవాళ్లకు ఇది వ్యూ పాయింట్‌లాగే కనిపిస్తుంది.

ఇక నాన్న ప్రశ్న. 1898లో చార్లెస్ బేకర్ అనే ఇంజినీరు జలపాతం వెనక రాతిని తొలిచి, దాదాపు 270 అడుగుల లోతున పవర్ హౌస్ కట్టించడం మొదలుపెట్టాడు. మరుసటి ఏడాదికి కరెంటు వచ్చింది. పూర్తిగా భూగర్భంలో కట్టిన జలవిద్యుత్ కేంద్రాల్లో ప్రపంచంలోనే ఇది మొదటిదని చెబుతారు. 1910లో దిగువన రెండోది కట్టారు. రెండూ ఇప్పటికీ నడుస్తున్నాయి, మొత్తం కలిపి సుమారు 54 మెగావాట్లు. "మాచ్‌ఖండ్‌లో సగం కూడా లేదు" అన్నారు నాన్న, కానీ 1899లో రాయి తొలిచి లోపల మిషన్లు దింపారంటే మాటలు కాదని, ఈ వివరాలున్న బోర్డు ముందే పావుగంట నిలబడ్డారు. నేనూ ఒప్పుకుంటాను, ఇంజినీరింగ్‌గా అది గొప్ప పనే. తెగకు మాత్రం అది గుడి నేల కింద తవ్వి మోటార్లు బిగించడం. పైగా కరెంటు కోసం నదిని పైనే మళ్లిస్తారు కాబట్టి ఆ మేరకు జలపాతంలో నీళ్లు తగ్గుతాయి, నీళ్లు తగ్గితే తుంపర తగ్గుతుంది. మే, జూన్ నెలల్లో మంచు కరిగి వచ్చే ఉధృతిలో ఇది తెలియదు. ఆగస్టు చివర్లో వెళ్లినవాళ్లు "ఇదేనా ఆ ఫాల్స్?" అని నిరాశపడి వస్తుంటారు.

ఈ విషయం కోర్టుకెళ్లినప్పుడు ఏం జరిగిందన్నదే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. 2004లో కేంద్ర ఇంధన నియంత్రణ కమిషన్ ఈ ప్రాజెక్టుకు మరో 40 ఏళ్లకు లైసెన్సు ఇచ్చింది. జలపాతం మీదుగా కనీసం ఇంత నీరు వదలాలని అందులో షరతులున్నాయి, వాటిలో చూడ్డానికి అందంగా ఉండాలంటే ఎంత నీరు కావాలన్న లెక్క కూడా ఒకటి.  ఈ మళ్లింపు వల్ల మా ఆచారాలకు అవసరమైన తుంపరే పోతోంది, యుగాలుగా నడిచిన నీటి చక్రం తెగిపోతోంది అని తెగ వాదించింది. 2008లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు కుదరదంది. మీ మతం వదులుకుంటేనే ఫలానా ప్రయోజనం ఇస్తామని గానీ, మతం పాటిస్తే శిక్ష వేస్తామని గానీ ప్రభుత్వం బలవంతపెట్టలేదు కదా, కాబట్టి చట్టం దృష్టిలో ఇది మత స్వేచ్ఛకు పెద్ద భారం కాదు అన్నది దాని సారం. వినడానికి తర్కం బాగానే ఉంది. ఈ లెక్కన కోనేరు ఎండగట్టినా భక్తుడికి నష్టం లేనట్టే, స్నానం చేయొద్దని ఎవరూ అనలేదు కాబట్టి.

ఇంకో పాయింటు ఇంతకన్నా ఘోరం. లైసెన్సుకు ముందు ఒక ప్రభుత్వంతో ఇంకో ప్రభుత్వం మాట్లాడినట్టు మాతో సంప్రదించలేదని తెగ అడిగితే, ఆ సంప్రదింపులు జరిగేనాటికి మీకు ఫెడరల్ గుర్తింపే (ఒక తెగగా కేంద్ర ప్రభుత్వ గుర్తింపే) లేదని జవాబొచ్చింది. ఎందుకు లేదు? 1855లో పాయింట్ ఇలియట్ ఒప్పందం మీద సంతకం చేసి భూములు వదులుకున్న తెగల్లో వీళ్లూ ఉన్నారు. తెగలకు ప్రభుత్వం విడిగా కేటాయించే రిజర్వేషన్ భూమి వీళ్లకంటూ దక్కలేదు. చివరికి భూమి లేదన్న కారణంతోనే 1953లో గుర్తింపు తీసేశారు, అది తిరిగి రావడానికి 1999 దాకా పట్టింది. మన రెవెన్యూ ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లకు ఈ వరస కొత్తగా అనిపించదు. కాగితం లేదు కాబట్టి నువ్వు లేవు, నువ్వు లేవు కాబట్టి నీకు నోటీసు ఇవ్వలేదు.

మరి వాళ్లు గెలిచింది ఎక్కడ? డబ్బుతో. కోర్టులో ఓడిన అదే 2008లో తెగ కేసినో తెరుచుకుంది, గుర్తింపు వచ్చింది కాబట్టే అది సాధ్యమైంది. జలపాతం అంచున ఉన్న సేలిష్ లాడ్జ్ హోటల్, దాని పక్క స్థలాలు అప్పటికి మకల్‌షూట్ అనే ఇంకో తెగ చేతిలో ఉన్నాయి. అక్కడ మరిన్ని కట్టడాలు లేపాలన్న ప్లాన్లు కూడా నడిచాయి. 2019లో స్నోక్వాల్మీ తెగ ఆ హోటల్‌నీ సుమారు 45 ఎకరాలనూ 12.5 కోట్ల డాలర్లు పెట్టి కొనేసింది, కొత్త కట్టడాలకు అక్కడితో చెక్ పడింది. తమ దేవుడి గట్టును, తమ పూర్వీకులున్న నేలను, మార్కెట్ రేటు కట్టి రిజిస్ట్రేషన్ చేయించుకున్నారన్నమాట. పవిత్రం అని మొత్తుకుంటే వినని వ్యవస్థ, ఓనర్ అనగానే విన్నది. కేసినో డబ్బుతో పుణ్యక్షేత్రం కొనడమేంటని ముక్కు విరిచేవాళ్లు నాకు ఎదురయ్యారు. వేరే ఏ దారి మిగిల్చారో చెబితే బాగుండేది.

ఇక్కడ మనం అమెరికాను చూసి వేలెత్తి చూపడం తేలిక కాబట్టి మాచ్‌ఖండ్ దగ్గరికి వెళ్దాం. ఆంధ్రా ఒడిశా సరిహద్దులో డుడుమ జలపాతం దగ్గర నది 500 అడుగుల పైనుంచి దూకుతుంది. చుట్టూ బోండా, గదబ, పరజ తెగల ఊళ్లు. 1955లో ఆ నీళ్లను మళ్లించి కరెంటు తీయడం మొదలుపెట్టారు, ఆ వెలుగు మైదానానికి వచ్చింది. "అప్పట్లో అక్కడివాళ్లను ఎవరైనా అడిగారా నాన్నా?" అన్నాను. "అడగడానికి నేనెవర్రా, నేను వెళ్లేసరికే సెట్లు తిరుగుతున్నాయి" అన్నారు. ఆయన తప్పించుకుందామని అన్న మాట కాదది, నిజంగానే ఆ తరానికి ఆ ప్రశ్న తట్టలేదు. తట్టిన తర్వాత మన దేశంలో ఒక మంచి పని జరిగింది, అది కూడా చెప్పాలి. 2013లో ఒడిశాలోని నియమగిరి కొండల కేసులో సుప్రీంకోర్టు, బాక్సైట్ తవ్వకం వల్ల అక్కడి డోంగ్రియా కోందు తెగ దైవానికి, ఆచారాలకు దెబ్బ తగులుతుందా అన్నది గ్రామసభలే తేల్చాలంది. 12 గ్రామసభలు పెడితే 12 కూడా వద్దన్నాయి. అంటే ఒకచోట కొండ పవిత్రమా కాదా అని ఆ కొండ మీదివాళ్లను అడిగారు. ఇంకోచోట జడ్జీలే నిర్వచనం చదివి చెప్పారు. చట్టాల గురించి గొప్పలు పోవడం నాకిష్టం లేదు, మన దగ్గర గ్రామసభలు కాగితాల మీదే ముగిసిపోవడం కూడా చూస్తున్నాం. కానీ ఈ ఒక్క తేడా చిన్నది కాదు.

అయితే చూడ్డానికి వెళ్లడం మానేయాలా అంటే, అలా ఎవరూ అనడం లేదు. 2020లో తెగ తమ పూర్వీకుల భూముల పేరుతో ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. ఎవరి నేల మీద నడుస్తున్నారో తెలుసుకోండి, చెత్త వేయకండి, దారి వదిలి తొక్కకండి అనే అందులో అడుగుతున్నది. ఇంత తక్కువ అడిగే గుడి ఇంకోటి నేను చూడలేదు, మనం చెప్పులు స్టాండులో పెట్టి, ఫోను కౌంటర్లో ఇచ్చి, పంచె కట్టుకుని క్యూలో నిలబడే జాతివాళ్లం. అన్నట్టు అమ్మ పర్సులోంచి ఒక బిళ్ల తీసి నీళ్లలో వేయబోయింది, గోదావరి బ్రిడ్జి మీద రైల్లోంచి వేసే అలవాటు. ఆపాను. కాసేపు చిన్నబుచ్చుకుంది. ఆమె భక్తిలో తప్పేం లేదు, కానీ ఇంకొకరి గుళ్లో మన పద్ధతిలో పూజ చేసేస్తే అదీ ఒక రకం ఆక్రమణే కదా అనిపించింది, పెద్దమాట అయితే అవనీ.

లైసెన్సు గడువు 2044 దాకా ఉంది. అప్పుడు మళ్లీ ఎంత నీరు పైపులోకి, ఎంత నీరు రాతి మీదుగా అన్న లెక్క మొదటికొస్తుంది. ఈసారి తెగ గుర్తింపున్న ప్రభుత్వంగా వస్తుంది, గట్టు మీద స్థలం, హోటల్ వాళ్లవే అయి ఉంటాయి. నీటి తూము మాత్రం విద్యుత్ కంపెనీ చేతిలోనే ఉంటుంది. ఇదంతా చెప్పాక నాన్న కాసేపు ఆగి, 54 మెగావాట్లు ఆపేస్తే ఈ ఊరికేమైనా లోటా, వేరే చోట్ల నుంచి రాదా అని అడిగారు. నలభై ఏళ్లు కరెంటు తీసిన మనిషి ఆ మాట అడుగుతారని నేను అనుకోలేదు.