అరువు శాలువా

మొన్న అమెరికాలో మా మేరీల్యాండ్ తెలుగువాళ్ల ఉగాది సభలో శాలువాలు తక్కువొచ్చాయి. తెచ్చినవి పన్నెండు. మన వైపు నుంచి వచ్చిన ఎమ్మెల్యే గారికే జిల్లా తరఫున ఒకటి, కాలేజీ బ్యాచ్ తరఫున ఒకటి, స్పాన్సర్ల తరఫున మరోటి అంటూ ఐదు కప్పాం. చివర్లో మా డిస్ట్రిక్ట్ డెలిగేట్, అంటే ఇక్కడి రాష్ట్ర శాసనసభలో మా ప్రతినిధి, వంతు వచ్చేసరికి బల్ల ఖాళీ. కార్యవర్గంలో ఎవరో పక్కనున్న స్పాన్సర్ గారి భుజం మీది శాలువా లాగి, మడిచి, మళ్లీ విప్పి ఆవిడకు కప్పారు. ఆవిడ చేతులు జోడించి నవ్వింది. ముందు వరసలో ఉన్నవాళ్లం అంతా చూసి కూడా చప్పట్లు కొట్టాం. మిగతా హాలు అప్పటికే డిన్నర్ లైన్లో ఉంది లెండి.

శాలువాలు కొనుక్కొచ్చే పని నాదే. కాబట్టి ఇది ఇంకొకరి మీద ఫిర్యాదు అనుకోకండి.

ఆహ్వానంలో ఐదున్నర అని వేశాం కాబట్టి ఆవిడ ఐదున్నరకే వచ్చింది. అప్పటికి స్టేజి మీద మైక్ టెస్టింగ్ కుర్రాడు తప్ప ఎవరూ లేరు. పంచాంగ శ్రవణం మొదలయ్యేసరికి ఏడుంపావు. అంతసేపూ ఆవిడకు తోడుగా నన్ను కూర్చోబెట్టారు. కాగితం కప్పులో ఉగాది పచ్చడి ఇచ్చాను. మా అత్తగారు నిరుడు సూట్‌కేసులో తెచ్చిన ఎండు వేపపువ్వు వేశాం, చేదు కాస్త ఎక్కువే పడింది. ఒక చెంచా నోట్లో పెట్టుకుని కళ్లు చిట్లించింది. ఆరు రుచుల కథ చెప్పాను. "మా సెషన్‌కి సరిగ్గా సరిపోయింది" అంది.

ఇరవై రెండేళ్లుగా మేరీల్యాండ్‌లో ఉంటున్నా ఆ మాట నాకు అర్థం కాలేదు. ఆవిడే చెప్పింది. రాష్ట్ర రాజధాని అనాపొలిస్‌లో శాసనసభ జనవరి రెండో బుధవారం మొదలై 90 రోజులు నడుస్తుంది. ఏప్రిల్‌లో చివరి రోజు అర్ధరాత్రి కొట్టేసరికి గట్టెక్కని బిల్లులు అక్కడికి చచ్చినట్టే. మళ్లీ వచ్చే జనవరిలో మొదటి నుంచి మొదలుపెట్టుకోవాలి. మన ఉగాది సరిగ్గా ఆ ఆఖరి వారాల్లో పడుతుంది. ఆ హడావిడిలో దొరికిన ఒక్క శనివారం గంటకు పైగా కారు నడుపుకుంటూ వచ్చింది ఆవిడ.

తర్వాత ఆవిడ అడిగిన ప్రశ్నకు నా చెవులు వేడెక్కాయి. "స్కూలు ముందు క్రాసింగ్ గురించి మెయిల్ పెట్టింది మీరే కదా? బటన్ పనిచేస్తోందా?"

మూడేళ్ల కిందటి మాట. అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు చీర కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని నాలుగు లేన్ల రోడ్డు దాటి పార్కుకి వెళ్లేది. ఒక సాయంత్రం కారు హారన్‌కి అదిరిపోయి నడిరోడ్డు మీద నిలబడిపోయింది. ఆ కోపంలో కౌంటీకి రాశాను. అది రాష్ట్రం రోడ్డు, తమది కాదన్నారు. డెలిగేట్లంటూ వెబ్‌సైట్లో మూడు పేర్లు కనిపిస్తే ముగ్గురికీ ఒకే మెయిల్ కొట్టి మర్చిపోయాను. కొన్ని నెలలకు ఎవరో వచ్చి రోడ్డు మీద నల్ల ట్యూబులు పరిచి బండ్లు లెక్కపెట్టారు. ఏడాదికి సిగ్నల్ స్తంభం, రోడ్డు దాటేవాళ్లు నొక్కే బటన్ వచ్చాయి. దాని వెనక ఎవరున్నారో తెలుసుకోవాలని నాకు తోచనే లేదు. అమ్మ మాత్రం ఆ బటన్ నొక్కినప్పుడల్లా "ఎవరో మహానుభావులు" అనేది.

ఆ మహానుభావురాలికే నేను శాలువా సర్దలేకపోయాను.

ఎమ్మెల్యే గారిని నేనేమీ అనను. ఊరి మనిషిని చూస్తే ప్రాణం లేచొస్తుంది, సెల్ఫీ నేనూ దిగాను. కానీ ఒక్క నిజం ఒప్పుకుందాం. మనలో చాలామందికి ఆయనతో పని ఉంది. పాస్‌బుక్కులో పేరు ఎక్కలేదు, తాతల నాటి స్థలం ఎవరో కలుపుకున్నారు, సర్వేయరు రాడు. ఆ ఐదు శాలువాల్లో మూడైనా పాస్‌బుక్కులకే కప్పాం.

మా నాన్నగారిది సత్తెనపల్లి దగ్గర పల్లె. 1952తో మొదలుపెట్టి నాలుగుసార్లు అక్కడి నుంచి గెలిచిన వావిలాల గోపాలకృష్ణయ్య గారి పేరెత్తితే నాన్నగారు పడక్కుర్చీలో నిటారుగా కూర్చునేవారు. ఖద్దరు బట్టలు, పెళ్లి లేదు, ఆస్తి ధ్యాస లేదు. నందికొండ (నాగార్జునసాగర్) ప్రాజెక్టు కోసం, తెలుగు అధికార భాష కావడం కోసం పట్టు వదలని మనిషి. నాన్నగారికి ఆయనతో ఏ పనీ పడలేదు. అయినా "మా ఎమ్మెల్యే" అనేవారు. ఆ "మా" మనం విమానం ఎక్కేటప్పుడు ఎక్కడ వదిలేశామో!

అరుణా మిల్లర్ గారి సంగతే చూడండి. హైదరాబాద్‌లో పుట్టిన కాట్రగడ్డ వారమ్మాయి, ఏడేళ్లప్పుడు ఈ దేశం వచ్చారు. 2023 జనవరి 18న భగవద్గీత మీద ప్రమాణం చేసి మా రాష్ట్ర లెఫ్టినెంట్ గవర్నరు, అంటే గవర్నరు తర్వాతి స్థానం, అయినప్పుడు మన వాట్సాప్ గ్రూపులు నిద్రపోలేదు. అంతకుముందు 2011 నుంచి 2019 దాకా ఆవిడ ఇక్కడి పదిహేనో డిస్ట్రిక్ట్ డెలిగేటు. మాంట్‌గమరీ కౌంటీ రవాణా శాఖలో ఇంజనీరుగా ఉద్యోగం చేస్తూనే సభకు వెళ్లారు. 2018లో అమెరికా కాంగ్రెస్ (ఇక్కడి పార్లమెంటు) సీటుకు పోటీ చేసి, సొంత డబ్బు కోటి డాలర్లకు పైగా కుమ్మరించిన వ్యాపారి చేతిలో, పార్టీ అభ్యర్థిని తేల్చే ప్రైమరీలోనే ఓడారు. ఆ ఎనిమిదేళ్లలో బిల్లుల మీద జనం మాట వినే కమిటీ హియరింగ్ ఒక్కదానికైనా వెళ్లినవాళ్లు మనలో ఎందరు? నేను వెళ్లలేదు. గద్దె ఎక్కాక మనమ్మాయి అన్నాం, గుమ్మం గుమ్మం తిరిగినప్పుడు తలుపు తీశామో లేదో గుర్తులేదు.

అందరూ వాషింగ్టన్ వైపే చూస్తారు, వీసాల భయం అలాంటిది. కానీ పిల్లల కాలేజీకి ఇన్‌స్టేట్ ఫీజు (రాష్ట్రంలో ఉండేవాళ్లకు తగ్గించే ఫీజు), కోడలి నర్సింగ్ లైసెన్సు, డ్రైవింగ్ లైసెన్సు, బడికి వచ్చే డబ్బు, ఇవన్నీ అనాపొలిస్‌లో తేలతాయి. అక్కడ కమిటీ ముందు మాట్లాడటానికి సిటిజన్ కానక్కర్లేదు. ఆన్‌లైన్‌లో ముందుగా పేరు ఇచ్చుకుంటే చాలు, హెచ్1బీ మీద ఉన్న కుర్రాడైనా రెండు నిమిషాలు చెప్పొచ్చు. మన సభలో మనం ఆవిడకిచ్చినదీ రెండు నిమిషాలే, అది వేరే సంగతి.

కార్యవర్గానికి నా మనవి. వచ్చే ఉగాదికి డెలిగేట్లను పిలిస్తే పంచాంగం కంటే ముందు పది నిమిషాలివ్వండి, పేరు సరిగ్గా పలకడం యాంకరమ్మకు నేర్పండి. లేదంటే పిలవకండి. ఆవిడకని మంగళగిరి శాలువా ఒకటి తెప్పించాను. సెషన్‌లో ఒకరోజు సెలవు పెట్టి అనాపొలిస్ వెళ్లి ఇచ్చొస్తాను. కారులో నాలుగు సీట్లు ఖాళీ, పులిహోర మా ఇంటి నుంచే.