పాత బండి బేరం: ఇంజిన్ కన్నా ముందు కాగితం

ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వంద సీసీ పాత బండికి గిరాకీ తగ్గిన రోజు లేదు. పోలేపల్లి ఫార్మా కంపెనీల్లో షిఫ్టుకు పోయే యువకుడికి, మిర్యాలగూడ రైస్‌మిల్లు గుమస్తాకు, దేవరకొండ వైపు తండాల నుంచి పాలు తెచ్చి పోసే రైతుకు బస్సు వేళలు కుదరవు. కొత్త బండికి డౌన్ పేమెంటు, నెలనెలా కిస్తీలు అంతకన్నా కుదరవు. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ లోపు ద్విచక్ర వాహనాలపై జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి దిగడంతో కొత్త బండ్ల ధరలు తగ్గాయి కాబట్టి, ఆ మేరకు పాతవాటి ధరలూ దిగాలి. అమ్మేవాళ్లు మాత్రం పాత రేట్ల లెక్కనే మొదలుపెడతారు. అది సహజమే. కొనేవాడు షోరూం ధర ఎంతో తెలుసుకుని వెళితే చాలు. నాకు అసలు ఆందోళన కలిగించేది ధర కాదు, బేరం జరిగే తీరు. గంటసేపు రంగు గురించి, స్టిక్కర్ల గురించి, కొత్త సీటు కవరు గురించి మాట్లాడుకుని, ఆర్సీలో పేరు మార్పిడి విషయాన్ని అర నిమిషంలో తేల్చేస్తారు. "పేరు మార్చుడేముందన్నా, మెల్లగ చేసుకుందువు తియ్" అన్న ఒక్క మాటతో ఆ సంగతి ముగుస్తుంది.

ఆ మాట ఎంత ఖరీదైనదో చట్టం చూస్తే అర్థమవుతుంది. మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం, అదే రాష్ట్రంలో బండి అమ్మిన వ్యక్తి 14 రోజుల్లోపు, కొన్న వ్యక్తి 30 రోజుల్లోపు రిజిస్టరింగ్ అధికారికి ఆ విషయం తెలియజేయాలి. దీనికి 29, 30 నంబర్ల ఫారాలు ఉన్నాయి. మన దగ్గర అమ్మినవాడు ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి, డబ్బు లెక్కపెట్టుకుని ఇంటికి పోతాడు. ఆ ఫారాలు కొన్నవాడి బీరువాలోనో, పాత బండ్లు కొని అమ్మే కన్సల్టెన్సీ వాళ్ల సొరుగులోనో పడుంటాయి. బండి మూడు చేతులు మారినా కాగితం మీద యజమాని మొదటివాడే. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇటువంటి వ్యవహారంలోనే, ఒకరి తర్వాత ఒకరికి అమ్ముడుపోయిన కారు ప్రమాదం చేసిన కేసులో, ప్రమాదం నాటికి ఆర్సీలో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వారే యజమాని అనీ, నష్టపరిహారం బాధ్యత వారిదే అనీ తేల్చింది. అంటే ఎప్పుడో అమ్మేసిన బండి నాగర్‌కర్నూల్ రోడ్డు మీద ఎవరినో గుద్దితే, ఆ సమయానికి బీమా లేకపోతే, నోటీసు వచ్చేది అమ్మి మరిచిపోయినవాడికి.

అయితే నష్టం అమ్మినవాడికే కదా అని కొన్నవాడు ధీమాగా ఉండడానికి వీల్లేదు. బండి తన పేరున లేనంత కాలం, ఆర్సీ గడువు ముగిసినప్పుడు రెన్యువల్‌కు మొదటి యజమాని కోసం వెతుక్కోవాలి. ఆయన ముంబయికో, పుణెకో వలస పోయి ఉంటే, లేదా చనిపోయి ఉంటే, ఆ పని పెద్ద తలనొప్పే. బీమా సంగతీ అంతే. అదే చట్టం 157వ సెక్షన్ వల్ల థర్డ్ పార్టీ బీమా, అంటే ఎదుటివారికి జరిగే నష్టానికి వర్తించేది, బండితో పాటే కొత్త యజమానికి దక్కుతుంది గానీ, దొంగతనానికో సొంత బండి నష్టానికో వర్తించే భాగం పాలసీ తన పేరుకు మారితేనే అక్కరకొస్తుంది. 75 నుంచి 150 సీసీ బండ్లకు థర్డ్ పార్టీ ప్రీమియాన్ని 2022 జూన్‌లో ఏడాదికి 714 రూపాయలుగా నిర్ణయించారు, పన్ను అదనం. ఇంత తక్కువ ఖర్చును తప్పించుకోవడానికి జనం పడే తంటాలు చూస్తే ఆశ్చర్యమేస్తుంది.

కన్సల్టెన్సీల వ్యవహారం ఇంకొకటి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం పాత వాహనాల వ్యాపారి రవాణాశాఖ నుంచి అధీకృత ధ్రువపత్రం తీసుకోవాలి. యజమాని తన బండిని అతనికి అప్పగించినట్లు ఆన్‌లైన్‌లో తెలియజేస్తే, మరొకరి పేరున మారేవరకు ఆ వ్యాపారినే యజమానిగా లెక్కిస్తారు. ఖాళీ ఫారాల దందాకు ఇది సరైన విరుగుడు. జిల్లా కేంద్రాల్లోని చిన్న దుకాణాల్లో దీన్ని గట్టిగా అమలు చేయిస్తే, పాత బండి అమ్మే ప్రతి సామాన్యుడికీ భారం దిగుతుంది. రవాణాశాఖ అధికారులు రోడ్డు మీద బండ్లు ఆపడానికి పెట్టే శ్రద్ధలో కొంత ఈ దుకాణాల మీద పెట్టడం న్యాయం.

చలాన్ల గురించి ఒక మాట. పోలీసుల ఈ-చలాన్ వెబ్‌సైట్‌లో బండి నంబరు కొడితే బకాయిలన్నీ బయటపడతాయి. 2022 మార్చిలో ద్విచక్ర వాహనాల చలాన్ల మీద 75 శాతం, 2023 డిసెంబరు చివర్లో 80 శాతం రాయితీ ఇచ్చాక, మళ్లీ రాయితీ వస్తుందన్న ఆశతో కట్టకుండా పోగేసే అలవాటు చాలామందికి పట్టుకుంది. బకాయిలు బండి నంబరుతోనే వస్తాయి కాబట్టి ఆ మొత్తం ధరలో తగ్గించుకోవాలి. ఫైనాన్స్ మీద కొన్న బండి అయితే అప్పు తీరినట్లు కంపెనీ ఇచ్చిన ఎన్‌వోసీ, ఆర్సీలో ఆ అప్పు నమోదును తీసేయించే 35వ నంబరు ఫారం చేతికి రానిదే అడ్వాన్సు ఇవ్వకూడదు. మక్తల్, నారాయణపేట వైపు కేఏ 36 నంబరు రాయచూరు బండ్లు చౌకగా దొరుకుతాయని ఆశపడేవాళ్లు, అక్కడి రవాణాశాఖ ఎన్‌వోసీతో పాటు ఇక్కడ జీవితకాల పన్ను కూడా కట్టాలన్న సంగతి కలుపుకుని లెక్క వేసుకోవాలి.

బండి వయసును నంబరు ప్లేటే చాలావరకు చెప్పేస్తుంది. ఏపీ 24, ఏపీ 22 అని ఉంటే రాష్ట్రం ఏర్పడకముందు, అంటే 2014 జూన్‌కు ముందు, నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో రిజిస్టరైన బండి. సొంత వాహనాల రిజిస్ట్రేషన్ 15 ఏళ్లే చెల్లుతుంది కాబట్టి వీటిలో చాలావాటికి గడువు తీరింది, మిగిలినవాటికి దగ్గరపడుతోంది. తర్వాత ఐదేళ్లకోసారి తనిఖీ, ఫీజు, గ్రీన్ ట్యాక్స్ తప్పవు. ట్యాంకు మీద హీరో హోండా అని ఉంటే అదీ పాత సరుకే, ఆ రెండు కంపెనీలు విడిపోతున్నట్లు 2010 డిసెంబరులోనే ప్రకటించారు. స్టిక్కరు మార్చడం తేలిక గనుక ఆర్సీలో తయారీ నెల, సంవత్సరం చూసుకోవాలి, ఛాసిస్ నంబరును హ్యాండిల్ కింది గొట్టం దగ్గర బట్టతో తుడిచి అంకె అంకె సరిపోల్చాలి. అక్కడ ఆకురాయితో గీకిన జాడ కనిపిస్తే బేరం అక్కడితో ఆపేయాలి.

ఇంజిన్ చూడాలంటే పొద్దున్నే, ముందుగా చెప్పకుండా వెళ్లడం మంచిది. వెళ్లగానే చేసే పని కిక్ కొట్టడం కాకూడదు. ఇంజిన్ చుట్టూ రేకుల్లా ఉండే ఫిన్ల మీద చేయి పెట్టి చూడాలి. వెచ్చగా ఉంటే మీరు రాకముందే వేడి చేసి ఉంచారన్నమాట, అలా ఎందుకు చేశారో అడగాలి. చల్లటి ఇంజిన్ మీద స్టార్టు చేసి ఎక్స్‌లేటర్ ఇస్తే నీలం రంగు పొగ వస్తోందంటే ఆయిల్ మండుతోంది, అరిగిన సిలిండర్‌ను బాగుచేసే బోర్ పని దగ్గరపడింది. మీటరు రీడింగును నేను లెక్కలోకి తీసుకోను, కేబుల్ ఊడదీస్తే ఆగిపోయే అంకె అది. ఫుట్‌రెస్టు రబ్బరు, బ్రేకు పెడల్ అరిగిన తీరు అంతకన్నా నమ్మదగినవి. వెనక స్ప్రాకెట్ దగ్గర చైన్‌ను వేళ్లతో వెనక్కి లాగితే సగం పన్ను బయటపడుతోందా, చక్రం తిప్పితే చైన్ ఒకచోట బిగిసి ఒకచోట వదులవుతోందా చూస్తే ఆ బండిని ఎలా చూసుకున్నారో తెలిసిపోతుంది. పాల క్యాన్లు మోసిన బండి ముందు నుంచి ఎంత మెరిసినా వెనక షాక్‌అబ్జార్బర్లు, స్పోకులు, స్వింగ్ ఆర్మ్ బుష్‌లు దాని బతుకు చెప్పేస్తాయి. స్టాండు మీద నిలబెట్టి వెనక చక్రాన్ని పక్కలకు ఊపితే చాలు.

ఏ బండి అన్న ప్రశ్నకు నా అభిప్రాయం ఇది: కల్వకుర్తి, అచ్చంపేట లోపలి ఊళ్లలో ఉండేవాళ్లకు 2017 నుంచి 2019 వరకు వచ్చిన బీఎస్-4 (పొగ కాలుష్య ప్రమాణం) బండ్లు అనుకూలం. కార్బురేటర్‌ది కాబట్టి మండల కేంద్రంలోని ఏ మెకానిక్ అయినా విప్పి శుభ్రం చేస్తాడు. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6 బండ్లలో చాలావాటికి ఫ్యూయెల్ ఇంజెక్షన్, సెన్సర్లు ఉంటాయి; అవి మంచి బండ్లే గానీ, బ్యాటరీ నీరసించినా సెన్సర్ మొరాయించినా స్కానర్ ఉన్నచోటికి తీసుకుపోవాలి. స్ప్లెండర్‌కు విడిభాగాలు ఎక్కడైనా దొరుకుతాయన్న పేరుకే కొన్ని వేలు ఎక్కువ అడుగుతారు. అదే వయసు ప్లాటినా, సీటీ 100, స్టార్ సిటీ తక్కువకు వస్తే వద్దనడానికి కారణం కనిపించదు.

కొన్నాక అసలు ఖర్చు పెట్రోలుది. రోజుకు 60 కిలోమీటర్లు, నెలకు 26 రోజులు తిరిగేవాడికి నెలకు 1,560 కిలోమీటర్లు అవుతాయి. లీటరుకు 60 ఇచ్చే బండికి 26 లీటర్లు చాలు, 45 ఇచ్చేదానికి దాదాపు 35 లీటర్లు కావాలి. లీటరు 107 రూపాయలు వేసుకున్నా తేడా నెలకు 900 దాటుతుంది, ఏడాదికి సుమారు 11 వేలు. బేరంలో రెండు వేలు తగ్గించుకుని మైలేజీ రాని బండి తెచ్చుకున్నవాడు ఆ రెండు వేలను మూడు నెలలు తిరక్కుండానే బంకులో కట్టేస్తాడు. కార్బురేటర్ బండికి మైలేజీ పడిపోవడానికి మన దగ్గర ముఖ్య కారణం దుమ్ము. మొరం రోడ్లు, ఇసుక లారీలు, కోతల కాలంలో వరి దుమ్ముతో ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోతే గాలి తగ్గి పెట్రోలు ఎక్కువ మండుతుంది. కాబట్టి ఫిల్టర్‌ను కంపెనీ చెప్పిన గడువుకు ముందే మార్చాలి. ఆయిల్ విషయంలోనూ ఇంతే.

ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే. ఇథనాల్‌లో పెట్రోలు కన్నా మూడో వంతు శక్తి తక్కువ. దీనివల్ల ద్విచక్ర వాహనాల మైలేజీ 3 నుంచి 4 శాతం పడుతుందని నీతి ఆయోగ్ 2021 నివేదికే అంచనా వేసింది. పాత బండ్లలో రబ్బరు భాగాలు, గ్యాస్కెట్లు మార్చాల్సి రావచ్చని కేంద్రం కూడా ఒప్పుకుంది. ఇథనాల్ తేమను పీలుస్తుంది గనుక, వలస సీజనులో నెలల తరబడి ఇంటి ముందు ఆపి ఉంచే బండికి ట్యాంకు అడుగున నీరు, తుప్పు చేరతాయి. ఊరు విడిచి వెళ్లేముందు కార్బురేటర్‌లోని పెట్రోలు దింపేసి, తిరిగొచ్చాక ట్యాంకు నుంచి కార్బురేటర్‌కు వెళ్లే పైపును వంచి చూసి, పగుళ్లుంటే మార్పించాకే కిక్ కొట్టాలి.