మార్కుల సంగతి కూడా రాయండి
యూనివర్సిటీలో యానిమేషన్ చదివేవాళ్లకు మొదటి ఏడాది సాఫ్ట్‌వేర్ కంటే ముందు ఇసుక, మట్టి, కాగితాలతో ప్రయోగాలు చేయించాలని మీ వ్యాసంలో రాసిన మాటతో నాకు పేచీ లేదు. మా విజయనగరంలో మాత్రం కోర్సు అనగానే తల్లిదండ్రులు "ఏ సాఫ్ట్‌వేర్ నేర్పుతారు?" అనే అడుగుతారు. ఫీజు కట్టేది వాళ్లే, తప్పుపట్టలేం.

సెలవులకు వచ్చిన మా మేనల్లుడు డాబా మీద ఫోన్‌ని స్టాండుకి బిగించి, చింతగింజల్ని కాస్త కాస్త జరుపుతూ ఫోటోలు తీశాడు. వాటిని వరసగా కలిపితే గింజలు కదిలినట్టు కనిపిస్తాయి. అలాంటి వీడియోకి సెకనుకు 24 ఫ్రేములు, అంటే 24 నిశ్చల చిత్రాలు. ఒక్కో ఫోటోని రెండేసి ఫ్రేములు ఉంచినా సెకనుకు 12 ఫోటోలు కావాలి, నడుం పడిపోతుంది! మధ్యలో మబ్బు పట్టి వెలుతురు మారిపోయింది, వీడియో అంతా మిణుకు మిణుకు. మళ్లీ తీయమన్నాను. వాడు వినకుండా సరిగ్గా అక్కడే వాన మొదలైనట్టు కథ మార్చేశాడు.

జర్మనీలో లోటే రైనిగర్ అనే యానిమేటర్ 1920ల్లోనే నల్ల అట్టబొమ్మలకు కీళ్లు పెట్టి సినిమాలు తీశారు. మన తోలుబొమ్మలకూ ఉన్నవి కీళ్లే కదా, వాటిని ల్యాబ్‌లోకి ఎందుకు తేరు?

ఒక్కటే వెలితి. ప్రయోగానికి మార్కులెలా వేయాలో మీరు రాయలేదు. బెడిసికొట్టినదానికి సున్నా వేస్తే, రెండో సెమిస్టర్‌కల్లా పిల్లలందరూ యూట్యూబ్ చూసి, కొత్తగా నేర్చుకునే ప్రతివాళ్లూ చేసే ఆ ఎగిరే బంతి యానిమేషన్‌నే చేసి పెడతారు.