ఆసక్తి లేక మానేయడం లేదు

వలస కుటుంబాల పిల్లలు ఆసక్తి లేకే డిగ్రీ మధ్యలో మానేస్తున్నారని రాశారు, నేను ఒప్పుకోను. పాలమూరు వైపు డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. గుంపు మేస్త్రీ (కూలీలను పనికి తీసుకెళ్లే కాంట్రాక్టరు) దగ్గర అడ్వాన్సు తీసుకుని అమ్మానాన్నలు ముంబై, పుణె పోతే ఇంట్లో ముసలమ్మ, తమ్ముడు, గేదె అన్నీ చదువుకునే ఆడపిల్ల మీదే పడతాయి. హాజరు 75 శాతం లేకపోతే స్కాలర్‌షిప్ రాదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల పేరుతో ప్రైవేటు కాలేజీలు సర్టిఫికెట్లు ఆపితే ఆ టెన్షన్ వేరే. పోయినేడు ఒకమ్మాయి, సైటు నుంచి తండ్రి ఫోన్‌పే చేస్తాడని, పరీక్ష ఫీజు ఆఖరి రోజు సాయంత్రం దాకా ఆఫీసు మెట్ల మీదే కూర్చుంది. వీళ్లకు మోటివేషన్ క్లాసులు తర్వాత పెట్టొచ్చు, ముందు కాలేజీ ఉన్న ఊళ్లోనే హాస్టల్ కావాలి, అదీ సెలవుల్లో తాళం వేయనిది.