రూల్ తెలియదు గానీ తిట్లు మాత్రం వచ్చు

ఎల్బీడబ్ల్యూ ఇవ్వలేదు, అంపైర్ అమ్ముడుపోయాడు! ప్రతి మ్యాచ్‌కీ ఇదే పాట. ఎల్బీడబ్ల్యూ అంటే స్టంప్స్‌కి తగిలే బంతి బ్యాటర్ కాలికి అడ్డుపడితే ఇచ్చే అవుట్. అసలు బంతి ఎక్కడ పడిందో చూశారా? లెగ్ స్టంప్ (బ్యాటర్ కాళ్ల వైపుది) బయట పడితే మిడిల్ స్టంప్ ఎగిరిపోయేలా ఉన్నా అవుట్ లేదు. ఆఫ్ స్టంప్ (అవతలి వైపుది) బయట ప్యాడ్‌కి తగిలి, బ్యాటర్ షాట్ ఆడుంటే అప్పుడూ లేదు. ఇంత చిన్న రూల్ తెలుసుకోవడానికి ఏం కష్టం?

ఇక అంపైర్స్ కాల్. టీమ్ రివ్యూ కోరితే నిర్ణయాన్ని రీప్లేలో మళ్లీ చూస్తారు కదా, అందులో బంతిలో సగం కన్నా తక్కువ స్టంప్స్‌కి తగులుతుంటే మైదానంలో ఇచ్చిందే ఖాయం. అవుటిస్తే అవుట్, లేదంటే లేదు. రివ్యూ కూడా పోదు. మన బౌలర్‌కి జరిగితే అన్యాయం, మన బ్యాటర్ బతికితే న్యాయమా?

అలాగని అంపైర్లను వెనకేసుకు రావట్లేదు. 2008 సిడ్నీ టెస్టులో మన మీద ఆడుతున్న ఆస్ట్రేలియా బ్యాటర్ సైమండ్స్ 30 దగ్గర ఉండగా బంతి బ్యాట్ అంచుకు తగిలి కీపర్ చేతిలో పడింది. నాటౌట్ అన్నారు! 162 కొట్టి అజేయంగా మిగిలాడు. ఆ మంట ఆరలేదు, ఆరక్కర్లేదు కూడా. 2019 ప్రపంచకప్ ఫైనల్లో ఫీల్డర్ విసిరిన బంతి బౌండరీకి పోతే, ఆ ఓవర్‌త్రోకి ఇంగ్లండ్‌కి ఆరు పరుగులిచ్చేశారు. ఫీల్డర్ బంతి విసిరే క్షణానికి బ్యాటర్లు రెండో పరుగులో ఒకరినొకరు దాటనే లేదు, ఐదే ఇవ్వాలి. అరిస్తే ఇలాంటి వాటి మీద అరవండి!

మరి కెప్టెన్లో? టీ20లో ఇన్నింగ్స్‌కి ఉండేవి రెండే రివ్యూలు, ఆలోచించుకోవడానికి 15 సెకన్లు. బౌలర్ గంతులు చూసి ఆ రెండూ మొదటి ఆరు ఓవర్ల పవర్‌ప్లేలోనే తగలేసి, చివరి డెత్ ఓవర్లలో నిజమైన ఎడ్జ్ దొరికినప్పుడు చేతులు పిసుక్కుంటే తప్పు అంపైర్‌దా?