కన్వర్షన్ రేషియో గారికి 104 నమస్కారాలు

మహారాజశ్రీ కన్వర్షన్ రేషియో (ఒక ప్రిఫరెన్స్ షేరు ఇస్తే మామూలు షేర్లు ఎన్నొస్తాయో తేల్చే అంకె) గారికి,

గుంటూరు బ్రాడీపేట నుంచి నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేం క్షేమం. తమరి క్షేమం అడగక్కర్లేదు, ఎటు పోయినా సర్దుకుపోయే గుణం తమది.

నిన్న అన్నం తిని బ్రోకర్ ఆఫీసుకి వెళ్లినవాణ్ని దీపాలు పెట్టే వేళకి బయటపడ్డాను. అడిగింది ఒక్కటే. కంపెనీ ఐపీఓకి వెళ్తోంది కదా, దానికి ముందే మార్పిడి ప్రిఫరెన్స్ షేర్లు (డివిడెండ్‌లో ముందు వరసలో ఉండి, తర్వాత మామూలు షేర్లుగా మారేవి) మారితీరాలని సెబీ నియమం కదా, మరి నా వంద షేర్లకి మామూలు షేర్లు ఎన్నొస్తాయి? కొన్నప్పుడు ఆ ఆఫీసు కుర్రాడే చెప్పాడు: "ఒకటికి ఒకటి బాబాయ్. కంపెనీ రేపు సగం ధరకి ఇంకెవరికైనా ఇచ్చిందనుకోండి, మీకు రెట్టింపు." సరిగ్గా అదే జరిగింది. నా షేర్ల జారీ ధర 600, మొన్న కొత్తవాళ్లకిచ్చింది 300. అంటే వందకి రెండొందలు. ఇంట్లో కూడా చెప్పేశాను.

రెండొందలు కాదట. నూట నాలుగట.

ధర సూటిగా 300కి దిగిపోతే అది ఫుల్ రాచెట్ అట, మనది వెయిటెడ్ యావరేజ్ అట, అంటే కొత్తగా ఎన్ని షేర్లిచ్చారో చూసి ధర కొంచెమే దించడం. అంతకుముందున్న షేర్లు 10 లక్షలు. కొత్తగా వచ్చిన డబ్బు 3 కోట్లు. పాత ధరకైతే దానికి 50 వేల షేర్లు రావాలి, ఇచ్చింది లక్ష. 10 లక్షలకి ఆ 50 వేలు కలిపితే పదిన్నర లక్షలు, లక్ష కలిపితే పదకొండు. కాబట్టి 600ని పదిన్నరతో గుణించి పదకొండుతో భాగించాలి. వచ్చేది 572 రూపాయల 73 పైసలు, అదీ నా కొత్త మార్పిడి ధర. 600ని దాంతో భాగిస్తే 1.0476. వందకి 104.76. ఇంటికొచ్చి మూడుసార్లు వేశాను, లెక్కలో తప్పు లేదు. ఆ ముక్క మొదటిరోజే చెప్పడానికి ఏం రోగం?

మార్పిళ్లు మాకు కొత్తా? మిర్చి టిక్కీలు (బస్తాలు) ఎన్నో చెబితే క్వింటాళ్లు ఎన్నో చెప్పేస్తాం. 2015లో రాజధానికి భూములిచ్చినప్పుడు ఎకరం మెట్టకి 1000 గజాల ఇంటి స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం. జరీబైతే (నీటి వసతున్న సారవంతమైన నేల) 1000, 450. తుళ్లూరు పెదనాన్నని నిద్రలేపి అడిగినా చెబుతాడు. ఆ స్థలాల కోసం ఎన్నేళ్లు ఎదురుచూడాల్సి వచ్చిందో అది వేరే కథ, అది ఆయన్నే అడగండి. కానీ ఆ 1000 పక్కన చుక్క పెట్టి 'సర్దుబాట్లకు లోబడి' అని ఎవరూ రాయలేదు.

తమరు మాత్రం ఒక్కచోట ఉంటే ఒట్టు. కంపెనీ వ్యవహారాల శాఖ సైట్లో వంద రూపాయలు కట్టి ఆ కంపెనీ నియమావళి తెరిచాను. అందులో షెడ్యూలు చూడమంది. షెడ్యూలు నిర్వచనాలు చూడమంది. నిర్వచనాలు వాటాదారుల ఒప్పందం చూడమన్నాయి. ఆ ఒప్పందం నాకు చూపించరు! 'ఏ' సిరీస్ అనే విడత షేర్లకి ఒక మొహం, 'బీ' సిరీస్‌కి ఇంకో మొహం, షేరు విడగొడితే మరో మొహం. అసలు నీకంటూ ఒక అంకె ఉందా? వంద ఇస్తే ఎన్నిస్తావో కాగితం మీద ఒక్క ముక్క రాయడానికి అంత సిగ్గెందుకు?

నీతోపాటు వచ్చిన డివిడెండ్ గురించి అడగనే అడగను. 0.01 శాతం. పది రూపాయల ముఖవిలువ మీద, నా వంద షేర్లకి, ఏడాదికి అక్షరాలా పది పైసలు. బ్రోకర్ ఆఫీసులో ఏసీ పనిచేయని సంగతీ ఎత్తను.

కోపంలో నువ్వు అనేశాను, మన్నించాలి. నిజం చెప్పొద్దూ, తమరు సర్దుకోకపోతే ఆ నాలుగూ వచ్చేవి కావు. ఒప్పుకుంటాను. కానీ ఆ 0.76? "ఫ్రాక్షన్ కదా బాబాయ్, వదిలేయండి" అన్నాడు కుర్రాడు. మిర్చి యార్డులో తరుగు కింద రెండు కిలోలు తీస్తేనే కాటా దగ్గర గొంతు చించుకునేవాళ్లం, ముప్పాతిక షేరు ఊరికే వదిలేస్తామా? దాని సంగతి తేల్చి, ఉత్తరం అందగానే జవాబు రాయగలరు.

ఇట్లు,
నూట నాలుగు షేర్ల ఆసామి
(ఇంట్లో ఇంకా రెండొందలనే అనుకుంటున్నారు, జవాబు బ్రోకర్ ఆఫీసుకి పంపండి)