చేనేతకు అడ్డు నేతగాడే

చేనేత అంతరించిపోతోందని ఏటా కన్నీళ్లు పెట్టుకునేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. పాపం, వాళ్లు గడప దాటి చూస్తున్నట్టు లేదు. కలంకారీ నెమలి సెల్‌ఫోన్ కవరెక్కింది. పోగులకు ముందే రంగేసి నేసే పోచంపల్లి ఇక్కత్ దిండు గలీబుల మీద, ల్యాప్‌టాప్ సంచుల మీద, ఆఖరికి మా ఎదురింటివాళ్ల కుక్క మెడపట్టీ మీద కూడా ఉంది. శుభలేఖకు గద్వాల అంచు, బ్యాంకు క్యాలెండరుకు మగ్గం బొమ్మ. ఇంత వైభవం రాయలవారి కాలంలో కూడా ఉండి ఉండదు. బాగా ఆలోచిస్తే ఈ మొత్తం వ్యవహారంలో ఒకే ఒక్క లోపం కనిపిస్తుంది. నేతగాడు. మజూరీ పెంచమంటాడు. నూలు పిరమైందంటాడు. వానాకాలం, కాళ్లు పెట్టుకునే మగ్గం గుంటలోకి నీళ్లొచ్చాయి, పని ఆగిపోయిందంటాడు. ఆయన్ని ఎలాగోలా మర్యాదగా పక్కకు తప్పించగలిగితే చేనేతకు ఇక ఢోకా ఉండదన్నది నా నిశ్చితాభిప్రాయం.

ఇదేదో నా బుర్రలో పుట్టిన కొత్త ఊహ అనుకునేరు. దేశం ఈ దారిలో ఇప్పటికే చాలా దూరం వచ్చేసింది, మనమే గుర్తించలేదు. 2009-10 చేనేత గణనలో నేత, దాని అనుబంధ పనుల్లో ఉన్నవాళ్లు దేశం మొత్తమ్మీద 43.31 లక్షల మంది. 2019-20 గణన వచ్చేసరికి 35.22 లక్షలు. పదేళ్లలో ఎనిమిది లక్షల మంది తగ్గారు. వీళ్లకెవరూ వీఆర్ఎస్ ఇవ్వలేదు, గ్రాట్యుటీ ఇవ్వలేదు, ఒక వీడ్కోలు సభ పెట్టి టీ, రెండు బిస్కట్లు కూడా ఇవ్వలేదు. ఖజానాకు ఇంత తక్కువ ఖర్చుతో ఇంతమందిని తగ్గించిన శాఖ మరొకటి ఉంటే చూపించండి. ఇదే వేగంతో వెళితే 2063 ప్రాంతానికి లెక్క సున్నాకు చేరుతుంది. మిగిలిన ఇళ్లలో మూడింట రెండు వంతులకు నెల రాబడి ఐదు వేల లోపేనని ఆ గణనే చెప్పింది కాబట్టి, వేగం ఇంకా పెరుగుతుందన్న ఆశ కూడా లేకపోలేదు.

కేంద్ర సర్కారు కూడా చేతులు ముడుచుకుని కూర్చోలేదు. తనకు సలహాలిచ్చే అఖిల భారత చేనేత బోర్డును 2020 జూలై 27న రద్దు చేసింది. ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవం. అంటే సరిగ్గా పదకొండు రోజుల ముందు. పండక్కి ముందు ఇల్లు దులుపుకోవడం లాంటిదే ఇది, తప్పుపట్టకూడదు.

అన్నట్టు ఆ పండగ గురించి కాస్త వివరంగా చెప్పాలి. 1905 ఆగస్టు 7న కలకత్తాలో స్వదేశీ ఉద్యమం మొదలైంది కనక, దాని గుర్తుగా 2015 నుంచి ఆ రోజును చేనేతకు కేటాయించారు. ఏ జిల్లా కేంద్రంలోనైనా ఆ రోజు సభకు వెళ్లి చూడండి, కడుపు నిండిపోతుంది. వేదిక వెనక మగ్గం బొమ్మ వేసిన ఫ్లెక్సీ. బల్లల మీద శాటిన్ గుడ్డ. కుర్చీలకు బిగుతుగా తొడుగులు, వాటి వీపున పువ్వులా ముడేసిన గులాబీ రంగు నైలాన్ గుడ్డ. వక్తలు ఆరుగురైతే ఆరుగురూ అగ్గిపెట్టెలో పట్టే చీర గురించి చెబుతారు. ఆరుగురికీ చప్పట్లు పడతాయి. ఆ చీర పెట్టెలోంచి బయటికొచ్చాక ఎంతకు అమ్ముడుపోయిందని అడిగినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. అలాంటి ప్రశ్నలు వేసి సభామర్యాద చెడగొట్టకూడదు కూడా.

అగ్గిపెట్టె అయ్యాక తెల్లవాళ్లు ఢాకా నేతగాళ్ల బొటనవేళ్లు నరికిన కథ వస్తుంది. ఇది చెప్పేటప్పుడు గొంతు వణకాలి, వేదిక మీదున్నవాళ్లు తలలు వంచుకోవాలి. ఆ కథ విన్నప్పుడల్లా నాకు తెల్లవాడి తెలివి మీద అనుమానం వస్తుంది. కత్తులెందుకు, రక్తమెందుకు, చరిత్రలో చెడ్డపేరెందుకు? ఆ వేళ్లు నేసినదానికి గిట్టుబాటు లేకుండా చేస్తే సరిపోదూ! రెండువందల ఏళ్లు పాలించినా తట్టని ఉపాయం మనకు ఇట్టే తట్టింది.

తర్వాత సన్మానం. డెబ్భై దాటిన ఒక పెద్దాయన్ని వేదిక పైకి పిలుస్తారు. ఆయన మెట్ల దగ్గర చెప్పులు విడవబోతే, "అయ్యో పర్లేదు పెద్దాయనా, రండి రండి" అని చెయ్యి పట్టి లాక్కొస్తారు. శాలువా కప్పుతారు. జరీలా మెరిసే అంచు, మిగతాదంతా అచ్చమైన పాలిస్టర్. మడత విప్పుతుంటే చిటపటమంటుంది. ఒక మూల ధర చీటీ పీకేసిన చోట జిగురింకా ఆరలేదు. యాభై ఏళ్లు పోగుల మధ్య బతికిన చేతులు ఊరుకుంటాయా? భుజం మీది శాలువా కొసను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి ఒక్కసారి నలుపుతాడు. ఒక్క క్షణమే. వదిలేస్తాడు. మర్నాడు పేపర్లో ఆ ఫొటో కింద 'భావోద్వేగానికి లోనైన నేతన్న' అని పడుతుంది.

మన బట్ట గొప్పతనం గురించి నాకు చిన్నచూపుందని ఎవరూ అనుకోకూడదు. మచిలీపట్నం రేవు నుంచి అద్దకం బట్టలు ఓడల్లో పర్షియాకు, ఐరోపాకు వెళ్లేవి. మన దేశపు అద్దకాల ధాటికి తమ ఉన్ని, పట్టు పరిశ్రమలు మునిగిపోతాయని ఫ్రాన్సు 1686లోనే నిషేధం పెట్టింది. ఇంగ్లండు 1700లో ఒక చట్టం, 1721లో ఇంకో చట్టం చేసింది. అంటే మన అద్దకాన్ని ఆపడానికి వాళ్లకు పార్లమెంటు కావాల్సి వచ్చింది. మనకు ఒక షెడ్డు, నాలుగు స్క్రీన్ ప్రింటింగ్ బల్లలు చాలాయి.

అసలు ఆ పాత పద్ధతి వింటేనే నవ్వొస్తుంది. శ్రీకాళహస్తిలో కలం పట్టేవాళ్లు ముందు గుడ్డను కరక్కాయ రసం, గేదెపాలు కలిపి అందులో నానబెడతారు. పాలెందుకయ్యా అంటే రంగు పాకకుండా అంటారు. తుప్పుపట్టిన ఇనుము, బెల్లం కుండలో వేసి రోజుల తరబడి ఊరబెడితే కసిమి అనే నల్లరంగు తయారవుతుంది. దాన్ని వెదురుకలంతో గీస్తారు. గీసేటప్పుడు ఉన్న రంగు ఒకటి, కరక్కాయ తగిలాక తేలే నలుపు ఇంకొకటి. ఎర్రరంగుకు ముందు పటిక, తర్వాత వేర్లు. ప్రతి దశకూ మధ్య ఉతుకు, అదీ పారే నీళ్లలో. స్వర్ణముఖిలో నీళ్లుంటే సరే, లేకపోతే? ఇంత రభస ఒక రాముడి పట్టాభిషేకానికి. అదే డిజిటల్ ప్రింటులో అయితే రాముడు మూడు నిమిషాల్లో సింహాసనమెక్కుతాడు. గేదెకు శ్రమ లేదు, నదితో పని లేదు. వనవాసం కూడా కలిసొస్తుంది.

కానీ కొనేవాళ్లలో మాత్రం మునుపెన్నడూ లేనంత విజ్ఞానం పెరిగింది. దీన్ని నేను మనస్ఫూర్తిగా అభినందిస్తున్నాను. హైదరాబాదులో ఏ చేనేత ఎగ్జిబిషన్‌కైనా వెళ్లండి, ఒక్కో మేడమ్ ఒక్కో ఫోరెన్సిక్ నిపుణురాలు. చీర తిరగేసి చూస్తారు. ప్రింటయితే వెనకవైపు వెలిసినట్టుంటుంది, నేసిన ఇక్కత్‌కు ముందూ వెనకా ఒక్కటే. అంచుల్లో సన్నటి చిల్లులున్నాయా అని వెతుకుతారు, మగ్గం మీద గుడ్డ ముడుచుకోకుండా అడ్డంగా పెట్టే బద్ద గుచ్చుకున్న గుర్తులవి. కొంగు చివర పోగొకటి లాగి కాల్చమంటారు. నూలయితే కాగితం కాలిన వాసన, పట్టయితే జుట్టు కాలిన వాసన. చీర అన్ని పరీక్షలూ పాసయ్యాక అసలు పరీక్ష మొదలవుతుంది.

"ఎంత?"

"పద్నాలుగు వేలు మేడం."

"పద్నాలుగా! ఇదే డిజైన్ ఆన్‌లైన్‌లో తొమ్మిది వందలకుంది."

"అది ప్రింటు మేడం. ఇది డబుల్ ఇక్కత్. పడుగు, పేక, అంటే నిలువు పోగు, అడ్డం పోగు రెండూ చిటికి ముడులు కట్టి రంగెయ్యాలె. ఇంటిల్లిపాది కూసుంటెనే అయితది."

"అవన్నీ నాకు తెలుసు బాబూ. మా ఇంట్లో చేనేత తప్ప కట్టం. చెప్పు, ఐదువేలకిస్తావా?"

ఇవ్వడు. ఆవిడ నొచ్చుకుంటారు. అయినా పెద్ద మనసుతో ఆ చీరను భుజాన వేసుకుని ఒక ఫొటో దిగి, మడత పెట్టకుండా అక్కడ పెట్టేసి, సాయంత్రానికి 'నేతన్నకు అండగా నిలుద్దాం' అని రాసి ఆ ఫొటో పెడతారు. లైకులు బాగానే వస్తాయి. అవి ఆయన ఖాతాలో జమ చేసే సాంకేతికత ఇంకా రాలేదు గానీ, వస్తుంది.

ఇంటిల్లిపాది అన్నాడు చూశారూ, అక్కడ కాస్త ఆగాలి. గణన ప్రకారం ఈ పనిలో ఉన్నవాళ్లలో నూటికి 72 మంది ఆడవాళ్లే. భార్య కండెలు చుడుతుంది. తల్లి ఆసు పోస్తుంది. పిల్ల బడి నుంచి వచ్చి తెగిన పోగులు అతుకుతుంది. షావుకారు మజూరీ లెక్క కట్టేటప్పుడు మాత్రం చీరకింత అని ఒకే చేతిలో పెడతాడు. ఒకరికి జీతం, ముగ్గురు ఉచితం. పైగా అందరూ ఇంటినుంచే పని, కరెంటు బిల్లు వాళ్లదే, షెడ్డు వాళ్లదే. బెంగళూరు స్టార్టప్‌లు కోట్లు పోసినా సాధించలేని సామర్థ్యమిది. మేనేజ్‌మెంటు కాలేజీల్లో పాఠంగా ఎందుకు పెట్టలేదో!

ఆసు, అంటే చిటికి కట్టేముందు పోగును సిద్ధం చేసే పని, దాని సంగతి కూడా చెప్పుకోవాలి. అర్ధచంద్రాకారంలో మేకులు బిగించిన చట్రం మీద పోగును మధ్యనుంచి చివరకు, చివరనుంచి మధ్యకు తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు చెయ్యి తొమ్మిది వేలసార్లు అలా అటూ ఇటూ ఆడుతుంది. నగరంలో ఇదే పనికి జిమ్ములో నెలకు మూడువేలు ఎదురిచ్చి, పక్కన ట్రైనరును పెట్టుకుంటాం. ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం అనే ఆయన మాత్రం తల్లి భుజంనొప్పి చూడలేక, ఏళ్ల తరబడి తంటాలుపడి ఆసుయంత్రం తయారుచేసి, దానికి తల్లి లక్ష్మి పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ కూడా ఇచ్చారు. ఇందులో వారసత్వ పరిరక్షకులను ఎవరూ సంప్రదించినట్టు లేదు. ఆ భుజంనొప్పి వందల ఏళ్లది. దానికి భౌగోళిక గుర్తింపు తెచ్చుకోవాల్సింది పోయి, నయం చేసేశాడు!

చట్టాలు లేవా అంటారు. ఎందుకు లేవు? 1985లోనే పార్లమెంటు చట్టం చేసింది, ఫలానా రకాలు మగ్గం మీదే నెయ్యాలి, మరమగ్గం ముట్టుకోకూడదని. మొదట 22 రకాలన్నారు, తర్వాత 11 అన్నారు. చీర, పంచె, లుంగీ అందులో ఉన్నాయి. చట్టం ఇప్పటికీ అమల్లోనే ఉంది. మరమగ్గాలకు ఆ సంగతి తెలియజేసే ఏర్పాటే జరగలేదు.

ఇన్ని చెప్పాక పరిష్కారం చెప్పకపోతే బాగుండదు. నా ప్రణాళిక సులభమైనది. భూదాన్ పోచంపల్లిని 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. అలాంటి ఊళ్లకు నగరాల నుంచి కార్లలో జనం వస్తారు, మగ్గం చూస్తారు, గుంటలోకి కాళ్లు పెట్టి కూర్చుంటారు, పేకపోగును మోసే నాడె అటొకసారి ఇటొకసారి విసిరి వీడియో తీసుకుంటారు. వాళ్లు లేచి వెళ్లాక నేతగాడు ముందుకు వంగి, వాళ్లు వేసిన ఆ రెండు పేకపోగుల్నీ జాగ్రత్తగా ఊడదీస్తాడు, వంకర పోయాయి కనక. చూశారా, ఇక్కడ కూడా ఆయనే అడ్డు. ఆ స్థానంలో ఒక మైనపు బొమ్మను కూర్చోబెడితే ఏ గొడవా ఉండదు. చిన్న మోటారు పెడితే చేతులాడుతాయి. టకటకమని మగ్గం చప్పుడు స్పీకరులోంచి వస్తుంది. వానాకాలం గుంటలోకి నీళ్లొచ్చినా మైనం తడవదు. నూలు రాయితీ అడగదు, ముద్ర రుణం అడగదు, కొడుక్కి పిల్లనివ్వడం లేదని దిగులుపడదు. మగ్గం గుంటలో కూర్చునేవాడికి పిల్లనిచ్చే ఇల్లు ఇప్పుడు నేతగాళ్లలోనే దొరకడం లేదు కనక, ఈ చివరి సౌకర్యం చిన్నదేం కాదు.

2063 ఆగస్టు 7 నాటికి ఇదంతా పూర్తయిపోతుందని నా అంచనా. సభ మామూలే, ఫ్లెక్సీ మామూలే, అగ్గిపెట్టె మామూలే. ఒక్క శాలువా దగ్గరే చిన్న చిక్కొచ్చి పడుతుంది, కప్పడానికి మనిషి ఉండడు. మంత్రిగారికే కప్పేద్దాం, ఆయనకు అలవాటే. సూరత్‌లో ఆర్డరు ఇప్పుడే ఇచ్చేస్తే టోకున ఏమైనా తగ్గిస్తారేమో కనుక్కోవాలి.